పక్కింట్లో పోలీసు: ‘లేక్‌వ్యూ టెర్రస్’ సినిమా చూసి భయపడ్డవారికి జవాబు

మీరు అడిగింది ఇది: "మా ఆయనకు లాస్ ఏంజెలెస్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది, ఇల్లు కొనాలని చూస్తున్నాం, మొన్న ‘లేక్‌వ్యూ టెర్రస్’ చూశాక నాకు నిద్ర పట్టలేదు. అది నిజంగా జరిగిందా? నల్లజాతి మనిషినే విలన్‌గా ఎందుకు పెట్టారు? మనలాంటి వాళ్లకు అలాంటి పొరుగు తగిలితే ఏం చెయ్యాలి?"

నేను 19 ఏళ్లుగా లాస్ ఏంజెలెస్ ఉత్తరాన ఉన్న శాన్ ఫెర్నాండో వ్యాలీలో ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంటుగా పనిచేస్తున్నాను. లేక్ వ్యూ టెర్రస్ అనేది ఈ వ్యాలీలో నిజంగా ఉన్న పేట పేరే, నేను వారానికోసారైనా ఆ దారిన వెళతాను. ఆ సినిమా విడుదలైన వారంలోనే థియేటర్లో చూశాను, తర్వాత ఇంట్లో నాలుగైదుసార్లు చూశాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెబుతాను (చివరి దాకా చెప్పేస్తున్నాను, చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి). 2008 సెప్టెంబరులో వచ్చింది, దర్శకుడు నీల్ లాబ్యూట్. క్రిస్ తెల్లవాడు, లీసా నల్లజాతి అమ్మాయి, కొత్తగా పెళ్లయినవాళ్లు, కొండ పక్కన మొదటి ఇల్లు కొనుక్కుని దిగుతారు. పక్కింట్లో ఏబెల్ టర్నర్ అనే నల్లజాతి పోలీసు ఉంటాడు, భార్య పోయింది, ఇద్దరు పిల్లల్ని ఒక్కడే కట్టుదిట్టంగా పెంచుతుంటాడు. ఈ పాత్ర శామ్యూల్ ఎల్. జాక్సన్ వేశాడు. కొత్త జంట సామాన్లు దించుకుంటుంటే కిటికీలోంచి చూస్తాడు. లీసా పక్కన ఉన్న పెద్దాయన మొగుడనీ, ఈ తెల్లకుర్రాడు సామాన్లు మోసేవాడనీ అనుకుంటాడు. ఆ పెద్దాయన లీసా తండ్రి. ఇదంతా అర నిమిషం కూడా ఉండదు, ఎవరూ ఎవరినీ తిట్టరు, కానీ ఆ మొహంలో మారిన రంగు చూస్తే మిగతా సినిమా అంతా అక్కడే మొదలైందని తెలిసిపోతుంది.

తర్వాత చిన్నచిన్నవి. ఏబెల్ ఇంటి ఫ్లడ్ లైటు నేరుగా వీళ్ల పడగ్గదిలో పడుతుంది. క్రిస్ దొంగచాటుగా సిగరెట్ కాల్చి పీకలు అవతలికి విసురుతాడు. మొదటి రోజు రాత్రి ఈ ఇద్దరూ స్విమ్మింగ్ పూల్‌లో ఒకరి మీద ఒకరు పడి ఉంటే అవతలి పిల్లలు చూస్తారు. ఒక రాత్రి క్రిస్ కార్లో కూర్చుని ర్యాప్ పాటలు వింటుంటే ఏబెల్ చీకట్లోంచి వచ్చి, రాత్రంతా ఇవి విన్నా పొద్దున లేచేసరికి నువ్వు తెల్లవాడివే అన్న అర్థంలో ఒక మాట అంటాడు. అది నవ్వుతూ అంటాడు, క్రిస్ కూడా నవ్వాలో వద్దో తెలియక నవ్వుతాడు.

ఈ సినిమా బలమంతా ఆ నవ్వు దగ్గరే ఉంది. ఎదుటివాడు చేసింది మన రంగు చూసి చేశాడా, లేక వాడి నైజమే అంతా, లేక నిజంగా మన తప్పే ఉందా అన్నది తేలదు. తేలకపోవడమే టెన్షన్. ఎవడైనా మొహం మీద తిడితే కోపం వస్తుంది, బాధపడతాం, నలుగురికి చెప్పుకుంటాం, అక్కడితో అది ఒక రూపం తీసుకుంటుంది. కానీ ఇది అలా కాదు, రాత్రి పడుకుని పైకప్పు చూస్తూ ‘ఆ మాటకి అర్థం ఏంటి’ అని తిప్పితిప్పి ఆలోచించుకునే రకం.

నాకు ఇది అనుభవమే. 2009లో మేం సొంతిల్లు కొనుక్కుని గృహప్రవేశం పెట్టుకున్నాం. అయ్యవారు మాలిబు గుడి నుంచి వచ్చారు, గరాజ్ తలుపు సగం పైకెత్తి లోపల హోమం చేయించాం, కాస్త నెయ్యి, కాస్త సమిధలు, పెద్ద పొగేం కాదు. పాలు పొంగి స్టవ్ మీద పడిన నిమిషానికి వీధిలో సైరన్ వినిపించింది. ఫైరింజన్ సరిగ్గా మా ఇంటి ముందు ఆగింది, నలుగురు మనుషులు బూట్లతో దిగారు. మా అమ్మ పట్టుచీరలో, చేతిలో అక్షింతల పళ్లెం పట్టుకుని గరాజ్ గుమ్మంలో అలాగే నిలబడిపోయింది, ఆ రూపం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు, చూశారు, వెళ్లిపోయారు. ఫోన్ చేసింది ఎదురింటి పెద్దాయన అని తర్వాత తెలిసింది. ఆయన ఎందుకు చేశాడు? ఇక్కడ కొండల్లో ఏటా మంటలు వస్తాయి, పొగ కనబడితే ఫోన్ చెయ్యడం బాధ్యతగల మనిషి చేసే పనే. లేదా ముప్పైమంది గోధుమరంగు మనుషులు చెప్పులు బయట విడిచి ఒక గరాజ్‌లో నిప్పు చుట్టూ కూర్చోవడం ఆయనకు నచ్చలేదా? పదకొండేళ్లు ఎదురుబొదురుగా ఉన్నాం, చెత్త డబ్బాలు లోపలికి లాగేటప్పుడు చెయ్యి ఊపుకునేవాళ్లం, ఆ సంగతి మాత్రం నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన ఇల్లు అమ్ముకుని వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు. మా అమ్మకు మాత్రం ఆ గృహప్రవేశం రోజు నుంచి మా ఇంటి ముందు దీపం పెట్టాలన్నా జంకే.

ఈ సినిమా మొదటి గంట ఆ జంకు గురించి. నేను చూసినవాటిలో పొరుగు గురించి ఇంత సరిగ్గా పట్టుకున్నది ఇంకోటి లేదు.

ఇక మీ మొదటి ప్రశ్న, నిజంగా జరిగిందా అని. సినిమాలో ఉన్నట్టు కాల్పులు, చావులు అన్నీ కల్పితం. కానీ 2000ల మొదట్లో లాస్ ఏంజెలెస్ పక్కనే ఉన్న ఆల్టడీనాలో ఒక నల్లజాతి పోలీసు అధికారికీ, పక్కింటి తెల్ల భర్త, నల్లజాతి భార్యకీ మధ్య ఏళ్ల తరబడి సాగిన గొడవ ఈ కథకు మూలమని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. పేర్లు రాయను, వాళ్ల బతుకులు వాళ్లవి. సినిమావాళ్లు ఆ గొడవని తీసుకుని ఊరి పేరు మార్చి లేక్ వ్యూ టెర్రస్‌కి తెచ్చారు. ఎందుకు తెచ్చారో ఇక్కడ బతికేవాళ్లకి పేరు వినగానే తెలుస్తుంది. 1991 మార్చి 3 అర్ధరాత్రి దాటాక రాడ్నీ కింగ్ అనే నల్లజాతి యువకుణ్ణి లాస్ ఏంజెలెస్ పోలీసులు రోడ్డు మీద పడేసి లాఠీలతో కొట్టింది లేక్ వ్యూ టెర్రస్‌లోనే, ఫుట్‌హిల్ బులెవార్డ్ పక్కన. ఎదుటి అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి ఒకాయన హ్యాండీకామ్‌తో తీశాడు, ప్రపంచమంతా చూసింది. 1992 ఏప్రిల్ 29న ఆ కేసులో నలుగురు పోలీసుల మీద దాడి నేరం రుజువు కాలేదని జ్యూరీ తేల్చాక నగరం తగలబడింది, 50 మందికి పైగా చనిపోయారు. అంటే ఆ పేరు పెట్టడమే ఒక మాట చెప్పడం: పోలీసు దెబ్బ తిన్న నల్లవాడి పేరుతో గుర్తుండిపోయిన చోట, ఈసారి లాఠీ నల్లవాడి చేతిలో ఉంది.

ఇంకాస్త వెనక్కి వెళ్లాలి, ఎందుకంటే ఇది నా పనిలో రోజూ చేతికి తగిలే విషయం. 1940లలో కట్టిన ఇళ్ల పాత దస్తావేజులు తీస్తే చాలాచోట్ల ఒక షరతు కనిపిస్తుంది. మొదటిసారి నేను చూసింది ఒక లేత పసుపు కాగితం తాలూకు నకలు, టైపు అక్షరాలు కాస్త అలికినట్టున్నాయి. నీళ్ల పైపు, ప్రహరీ ఎత్తు, కోళ్లు పెంచకూడదు, ఇలాంటి షరతుల మధ్యలో ఇంకో షరతు: కాకేసియన్ (అంటే తెల్ల) జాతికి చెందనివారు ఎవరూ ఈ స్థలంలో నివసించకూడదు, ఇంట్లో పనివాళ్లు తప్ప. కోళ్ల షరతుకీ దీనికీ మధ్య తేడాయే లేదు, అదే టైపు, అదే ఇంకు. ఇలాంటి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో తీర్పిచ్చింది. కాలిఫోర్నియా 1963లో ఇళ్ల అమ్మకంలో వివక్ష చూపకూడదని చట్టం చేస్తే, 1964లో ఇదే రాష్ట్రం జనం మూడింట రెండొంతులు ఓటేసి దాన్ని తీసేయించారు, మళ్లీ కోర్టులు ఆ ఓటును కొట్టేశాయి. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, దేశమంతటికీ ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. కాగితం మీద ఆ వాక్యాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు పాత పత్రం ఎవరికిచ్చినా ‘ఇలాంటి షరతు ఉంటే చెల్లదు’ అని పెద్ద అక్షరాల్లో ముద్ర ఉండాలి, 2022 నుంచి కౌంటీ రికార్డు ఆఫీసులు వాటిని కొట్టేసే పని మొదలుపెట్టాయి.

యుద్ధం తర్వాత వ్యాలీ మొత్తం మీద నల్లజాతివాళ్లు ఇల్లు కొనగలిగిన కొద్దిచోట్లలో పకోయిమా ఒకటి, లేక్ వ్యూ టెర్రస్‌కి ఆనుకునే ఉంటుంది. ఇది తెలిశాక ఏబెల్‌ని చూడండి. ఆ వీధిలో నల్లవాడు సొంతిల్లు కట్టుకుని, పచ్చిక కత్తిరించి, పిల్లల్ని క్రమశిక్షణలో పెట్టి నిలబడటం వెనక ఎంత ఉందో. అతను చేసేది తప్పు, కానీ అతను కాపలా కాస్తున్నది ఒట్టి పచ్చిక కాదు. సినిమా ఈ సంగతి చెప్పి ఉంటే ఎంత పెద్ద సినిమా అయ్యేదో అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

ఇక మీ రెండో ప్రశ్న. నల్లజాతి మనిషిని విలన్ చెయ్యడం అన్యాయమా? నేను ఒక్కముక్కలో అవునని గానీ కాదని గానీ చెప్పలేను. నిర్మాతల్లో విల్ స్మిత్ ఉన్నాడు, కాబట్టి ఇది తెల్లవాళ్లు కూర్చుని నల్లవాళ్ల మీద తీసిన సినిమా అనడం కుదరదు. పేరున్న సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగుకి నాలుగు నక్షత్రాలిచ్చాడు, తిట్టిన విమర్శకులూ చాలామంది ఉన్నారు. నా లెక్క ఏంటంటే, అతను నల్లవాడు కావడం కన్నా పోలీసు కావడం ఈ కథకు ముఖ్యం. పక్కింట్లో పోలీసు ఉంటే అంతకన్నా భద్రత ఏముంది అన్న అర్థంలోనే పోస్టర్ మీద మాట వేశారు. మనవాళ్లు కంచే చేను మేస్తే అంటారే, అది. క్రిస్ ఎవరికి ఫోన్ చేస్తాడు? చేస్తే వచ్చేది ఏబెల్ స్నేహితులు. సాక్ష్యం ఏది అంటారు. నీదే తప్పేమో అంటారు. నల్లజాతివాళ్లు పోలీసుల గురించి తరతరాలుగా చెబుతున్నది ఇదే కదా, మేం ఎవరికి చెప్పుకోవాలి అని. సినిమా ఆ నిస్సహాయతను తీసుకొచ్చి ఒక తెల్లవాడి ఇంట్లో పెట్టింది. అది తెలివైన పని.

కానీ చివరి నలభై నిమిషాలు నాకు కోపం తెప్పిస్తాయి. బార్‌లో కూర్చుని ఏబెల్ తన భార్య సంగతి చెబుతాడు, ఆమె కారు ప్రమాదంలో పోయినప్పుడు పక్కన ఒక తెల్లవాడు ఉన్నాడని, ఆమె పనిచేసే చోట యజమాని అని. అంతే, ఒక్కసారిగా అంతా విప్పి చెప్పేసినట్టయింది. గంటసేపు మనల్ని ఊపిరి బిగపట్టించిన ప్రశ్న (ఇది రంగు వల్లా, ఇంకేదైనా వల్లా?) ఒక అనుమానం మొగుడి కథగా తేలిపోయింది. ఆ తర్వాత దొంగను ఇంట్లోకి పంపడం, వాణ్ణే కాల్చెయ్యడం, పడిపోయిన సెల్‌ఫోన్ కోసం వెతుకులాట, ఇవన్నీ మామూలు సినిమా విలన్ పనులు. అప్పటిదాకా మన వీధిలో ఉన్న మనిషి తెరమీదికి వెళ్లిపోయాడు. అక్కడి నుంచి మీకు భయం వేసి ఉంటే అది కాల్పులకి వేసిన భయం, పొరుగు గురించి కాదు.

లీసా పాత్రకు చేసిన అన్యాయం ఇంకోటి. ఇటు తండ్రి, అటు భర్త, పక్కింట్లో తన రంగువాడు తననే ద్రోహిలా చూడటం, ఈ కథలో అన్ని వైపులా నలిగేది ఆమె ఒక్కతే. లీసాగా వేసిన కెర్రీ వాషింగ్టన్ కళ్లతోనే చాలా చెబుతుంది. అయినా కథ ఇద్దరు మగాళ్ల పంతం వెనకాలే పోతుంది. తండ్రి అల్లుణ్ణి పిల్లల సంగతి అడిగే సీను ఉంది, మర్యాదగా, చల్లగా అడుగుతాడు. ఆ సీను చూసినప్పుడు నాకు మన ఇళ్లే గుర్తొస్తాయి. అమ్మాయి తెల్ల అబ్బాయిని ఇష్టపడితే నెల రోజులు ఏడ్చి పెళ్లికి తాంబూలాలు సర్దుకునే తల్లిదండ్రుల్ని చూశాను. అదే అమ్మాయి నల్లజాతి అబ్బాయిని తీసుకొస్తే గడప తొక్కనివ్వని తల్లిదండ్రుల్నీ చూశాను. ఇద్దరూ ఒకే గుడికి వస్తారు.

సినిమా మొత్తం వెనకాల కొండ మీద మంటలు దగ్గరికి వస్తూ ఉంటాయి. కొంతమంది అది మరీ పాఠం చెప్పినట్టుందని రాశారు. ఇక్కడ ఉండేవాళ్లకి అది ఉపమానం కాదు. సినిమా వచ్చిన నెలలోపే, 2008 అక్టోబరులో, లేక్ వ్యూ టెర్రస్ పై కొండల్లో నిజంగానే కార్చిచ్చు వచ్చింది. 2017 డిసెంబరులో మళ్లీ వచ్చింది, గుర్రాలు చచ్చిపోయాయి (ఆ ఊళ్లో గుర్రాలు పెంచుకునేవాళ్లు ఎక్కువ). అసలు గొడవ జరిగిన ఆల్టడీనా 2025 జనవరిలో ఈటన్ అనే కార్చిచ్చులో చాలావరకు కాలిపోయింది, 9 వేలకు పైగా కట్టడాలు పోయాయి. అక్కడ లేక్ అవెన్యూకి పడమటి వైపు, ఒకప్పుడు నల్లజాతి కుటుంబాలు కొనుక్కోగలిగిన వైపు, ఖాళీ చెయ్యమనే కబురు గంటల ఆలస్యంగా చేరింది, చనిపోయినవాళ్లలో దాదాపు అందరూ ఆ వైపు వాళ్లే. పాత దస్తావేజులో కోళ్ల పక్కన ఉన్న ఆ షరతు ఇప్పటికీ ఎక్కడెక్కడ పనిచేస్తోందో చూడండి.

ఇక మూడో ప్రశ్న, మీకు అలాంటి పొరుగు తగిలితే అని. సినిమాలో క్రిస్ చేసిన పెద్ద తప్పు, కాగితం లేకుండా పంతానికి పోవడం. లైటుకి పోటీ లైటు పెట్టాడు. ఇక్కడ నగర నిబంధనల్లోనే పొరుగింటి మీద పడే వెలుతురుకు హద్దు ఉంది, ఫోటో, తేదీ, టైముతో ఫిర్యాదు పెడితే తనిఖీకి వస్తారు. ప్రహరీ వెంట నాటిన చెట్లను ఏబెల్ రంపంతో కోసేస్తాడు కదా, కాలిఫోర్నియాలో కావాలని పరాయి చెట్టు నరికితే నష్టానికి మూడు రెట్లు కట్టించవచ్చు. కంచె కట్టాలంటే పక్కవాళ్లకి 30 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, మామూలుగా ఖర్చు చెరిసగం. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మేవాళ్లు ఇంటి లోటుపాట్లు రాసి ఇచ్చే డిస్‌క్లోజర్ ఫారంలో పొరుగువాళ్ల చప్పుడు, ఇబ్బందుల గురించి ఒక ప్రశ్న ఉంటుంది. చాలామంది ఆ పేజీ తిప్పేసి సంతకం పెడతారు. మీరు ఆ ఒక్క ప్రశ్న దగ్గర వేలు పెట్టి చదవండి, ‘లేదు’ అని టిక్ పెట్టి ఉంటే మీ ఏజెంటు ద్వారా మళ్లీ అడిగించండి. పక్కవాడితో పోలీసు కేసుల దాకా వెళ్లిన సంగతి దాచి అమ్మితే తర్వాత కోర్టులో వాళ్లకే ఇబ్బంది. పక్కవాడు నిజంగా పోలీసే అయితే స్టేషన్‌లో అతని తోటివాళ్లకి చెప్పి ఊరుకోకండి, డిపార్ట్‌మెంట్ లోపల పోలీసుల మీద ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ అఫైర్స్ విభాగం ఉంది, లాస్ ఏంజెలెస్ పోలీసులకైతే బయటి నుంచి చూసే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసూ ఉంది, రాతపూర్వకంగా పెట్టండి.

ఒక విషయం సూటిగా చెబుతాను, తప్పుగా తీసుకోకండి. మనవాళ్లు నా దగ్గరికి ఇల్లు చూడటానికి వస్తే బెడ్‌రూములు, స్కూలు తర్వాత మూడో ప్రశ్న ‘ఆ ఏరియాలో ఎవరుంటారండీ’ అని. ఎవరంటే ఏంటో నాకు తెలుసు, వాళ్లకీ తెలుసు. నేను జవాబు చెప్పను. చెప్పకూడదు కూడా, జాతి చూసి కొనేవాణ్ణి ఒక వీధికి తోలడం, ఇంకో వీధికి పోనివ్వకపోవడం 1968 చట్టానికి విరుద్ధం, నా లైసెన్సు పోవచ్చు. కొందరికి కోపం వస్తుంది, మన తెలుగువాడివై ఉండి చెప్పవా అంటారు. అప్పుడు నేను ఫోన్‌లో ఆ పసుపు కాగితం ఫోటో తీసి చూపిస్తాను. కాకేసియన్ అన్న మాట కింద వేలు పెడతాను. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ల కింద లెక్కకు రారని తేల్చింది. ఆ షరతు రాసిన రోజుల్లో మనం వచ్చి ఉంటే మనకీ ఆ ఇల్లు లేదు, పనివాళ్లుగా తప్ప. కొంతమంది చదివి ఊరుకుంటారు. ఒకావిడ మాత్రం హైదరాబాద్‌లో తన సొంత ఫ్లాటు అద్దెకిచ్చేటప్పుడు ఎవరెవరిని వద్దందో చెప్పి, కారెక్కేదాకా మాట్లాడలేదు.

మీరు చూస్తున్న ఇల్లు ఏదో నాకు తెలియదు. ఏదైనా సరే, ఆఫర్ పెట్టేముందు శని, ఆదివారాలు కాని ఒక రోజు రాత్రి తొమ్మిదింటికి ఏజెంటుని అడిగి ఇద్దరూ వెళ్లండి. లోపల లైట్లు అన్నీ తీసేసి పడగ్గదిలో పది నిమిషాలు నిలబడండి, కిటికీలోంచి ఏ వెలుతురు పడుతుందో చూడండి, ఏ కుక్క అరుస్తుందో వినండి. మర్నాడు సాయంత్రం అటుపక్కా ఇటుపక్కా తలుపు తట్టి, మేం ఈ ఇల్లు కొనాలనుకుంటున్నాం అని చెప్పండి. తలుపు తీసే మనిషి రంగు ఏదైనా కావచ్చు. లోపలికి రమ్మన్నా, గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడినా, నేను ఇవ్వలేని జవాబు అక్కడ సగం దొరుకుతుంది. నిప్పుల సంగతి కూడా అడగండి, 2025 జనవరిలో గాలి వీచినప్పుడు వాళ్లను ఎవరు నిద్రలేపారో.